తెల్ల బండ మీద నాగమ్మ

రవీందర్ ఆ పొద్దున పెద్ద కోరికలేమీ కోరలేదు. ఒక గ్లాసు చాయ్ తాగాలి. గుప్పెడు పసుపు కొమ్ములు జేబులో వేసుకుని ఆర్మూరు మార్కెట్‌లో తెలిసిన వ్యాపారికి చూపించి రావాలి. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరగాలి. అంతే. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించేసరికి మనిషి నడుము మనిషిది కాకుండా పోయింది. ఇక ఈ ఏడాదికి తనను ఎవరూ లేపకుండా ఉంటే చాలనుకున్నాడు.

భార్య నీలవ్వ సంచీ చేత పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఆమె ముఖంలో పండుగ కళ ఉంది, గొంతులో మాత్రం పోలీసు ఉన్నాడు.

"మటన్ తీస్కొస్త. వదిన పన్నెండింటికల్ల వస్తనన్నది. చాయ్ పెట్టుకో గానీ బండ మీద గ్లాసు పెట్టకు. చెయ్యి పెట్టకు. అసల్ దాని దిక్కు సూడకు."

"సూడకుంట వంటింట్ల ఎట్ల తిరుగుతరే?"

"ఎట్లనో తిరుగు," అని ఆమె వెళ్లిపోయింది.

బండ అంటే వంటగట్టు మీద మొన్ననే బిగించిన కొత్త తెల్ల బండ. పాల మీగడలా నున్నగా, తొంగిచూస్తే ముఖం కనపడేలా ఉంది. పసుపు ఊళ్లో, పసుపు పండించే ఇంట్లో, పసుపు పడని కూరే లేని వంటింట్లో తెల్ల బండ ఏమిటని రవీందర్ తల్లి లసుమవ్వ మొదటి రోజే అడిగింది. నల్ల గ్రానైటు వేయించుకుందామని రవీందర్ కూడా గొణిగాడు. నీలవ్వ వినలేదు. వినకపోవడానికి ఆమె కారణం ఆమెకుంది.

పోయిన ఏడు మోర్తాడ్‌లో ఆమె అన్న ఇంటి గృహప్రవేశం జరిగింది. అన్న దుబాయిలో ఉంటాడు, ఇల్లంతా వదిన గంగామణి రాజ్యం. ఆ వంటింట్లో ఇలాంటి తెల్ల బండే ఉంది. నీలవ్వ పప్పు గంజు దించి దాని మీద పెట్టబోతే, చుట్టాలందరి ముందూ గంగామణి కేక వేసింది. "నీలవ్వా, కింద పెట్టు! గిది మీ ఇంటి షాబాదు బండ గాదు!" అందరూ నవ్వారు. నీలవ్వ కూడా నవ్వింది. తిరుగు బస్సులో ఆర్మూరు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం ఏడాది సాగి, చివరికి రవీందరే దుకాణానికి పోయి తెల్ల బండ చెప్పి వచ్చాడు. పాత షాబాదు బండ, ఆ చవక నాపరాయి, ఊడి పెరట్లో పడింది. ఇవాళ గంగామణి మొదటిసారి చూడటానికి వస్తోంది.

ఆ ఇంట్లో కొన్న వస్తువుకు కవరు తీసే అలవాటు లేదు. ఫ్రిజ్ తలుపుకు వచ్చిన నాటి కవరే ఉంది. టీవీ రిమోట్ పాలిథిన్ సంచిలోంచే పనిచేస్తుంది. మోటార్‌సైకిల్ సీటు ఎండకు చిటపటలాడుతున్నా ప్లాస్టిక్ విప్పలేదు. పాపం, ఇంత ప్రాణం పెట్టి చేయించుకున్న బండకు మాత్రం కవరు లేకపాయెనే అని నీలవ్వ రెండు రోజులుగా బాధపడుతోంది. గ్యాస్ పొయ్యిని కూడా బండ మీదికి ఎక్కించక కింద స్టూలు మీదే ఉంచింది.

రవీందర్ చాయ్ పెట్టుకున్నాడు. గ్లాసు చేత్తోనే పట్టుకున్నాడు. బండను తాకకుండా తాగాడు కూడా. తాగుతూ జేబులోంచి ఒక పసుపు కొమ్ము తీసి చూశాడు. పసుపు రైతుకు చేతిలో ఎండిన కొమ్ము పడితే ఇక బుద్ధి తన మాట వినదు. దాన్ని దేనికైనా కొట్టి చప్పుడు వినాలి, విరిచి లోపలి రంగు చూడాలి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చేస్తున్న పని. చేయి దానంతట అదే లేచి కొమ్మును తెల్ల బండకేసి కొట్టింది. ఠంగుమంది. మంచి సరుకే అని మనసులో మెచ్చుకుని, బండకు ఆనించి బొటనవేలితో నొక్కాడు. కొమ్ము విరిగింది. విరిగిన ముక్క చేతి ఊపుకు బండ మీద బర్రున వంకర్లు తిరుగుతూ జారింది.

అప్పుడు గానీ అతనికి తానెక్కడ ఉన్నాడో తెలియలేదు.

తెల్లటి బండ మీద జానెడు పొడవున, మూడు వంకర్లతో, పచ్చటి గీత మెరుస్తోంది. రవీందర్ గ్లాసు కింద పెట్టేశాడు. నిన్న సాయంత్రం నీలవ్వ కొంగుతో ఆ బండను తుడిచి, అందులో తన ముఖం తానే చూసుకుని నవ్వుకోవడం గుర్తొచ్చింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. తడిగుడ్డతో తుడిచాడు. గీత పోలేదు, పసుపు ఇంకాస్త లోపలికి దిగింది. గిన్నెలు తోమే పీచు తెచ్చి సబ్బుతో రుద్దాడు. గీత చుట్టూ సన్న గీతల వల ఒకటి తయారైంది.

"గిదేం బండరా నాయనా, సూస్తెనే గీతలు పడేటట్టున్నది," అని పీచు పారేసి తల పట్టుకున్నాడు.

"ఎవనితోని మాట్లాడుతున్నవ్‌రా?" అంటూ లసుమవ్వ వంటింట్లోకి వచ్చింది.

రవీందర్ గీతకు అడ్డంగా నిలబడ్డాడు. భయంలో మనిషికి వచ్చే తెలివి వేరు. "అవ్వా, కొత్త బండకు పసుపు కుంకుమ పెట్టకపోతిమి గదనే! గిప్పుడే యాదికొచ్చింది."

ముసలామె ముఖం విప్పారింది. ఈ ఇంట్లో తనను అడిగి చేసే పని ఒకటైనా మిగిలినందుకు మురిసిపోయింది. "అదే నేను అనుకుంట. అడిగినోడు లేడాయె." పసుపు డబ్బా తెచ్చి కలిపింది. రవీందర్ చెయ్యి పట్టుకుని చూపించిన చోటే పూసింది. చూపు సరిగా ఆనకపోయినా వేలికి గాడి తగిలింది, వేలు గాడి వెంటే పోయింది. మూడు వంకర్లూ తిరిగింది. పైన వరసగా కుంకుమ బొట్లు పెట్టింది. ఒక కొసన కాస్త పెద్ద బొట్టు పడింది. గీత దాగింది, సన్న గీతలూ దాగాయి. రవీందర్ హమ్మయ్య అని ఊపిరి వదిలాడు.

ఆ ఊపిరి పూర్తికాకముందే పక్కింటి సత్తవ్వ తీసుకుపోయిన జల్లెడ తిరిగిద్దామని లోపలికి వచ్చింది. బండ వైపు చూసింది. జల్లెడ చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా తల్లీ! నాగమ్మ!"

లసుమవ్వ ఉలిక్కిపడింది. "ఏడ?"

"అగో, నీ ముంగటనే! పడగ సూడు, తోక సూడు. ఎవలు గీసిండ్రే గిది?"

"నేను గియ్యలే. పసుపు రాద్దమంటే వేలు దానంతట అదే గట్ల పోయింది," అంది లసుమవ్వ. అబద్ధం చెప్పలేదు.

రవీందర్ నోరు తెరిచాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. "అక్కా, నేనే కొమ్ము ఇరిచిన," అంటే అయిపోయేది. సరిగ్గా అప్పుడే నీలవ్వ మటన్ సంచీతో గుమ్మంలో నిలబడింది. బండ చూసింది, మొగుణ్ని చూసింది.

"ఏందిది?"

"నాకేమెరుక? నువ్వు పోయినంక సూస్తె సన్నగ గట్ల లేసున్నది," అన్నాడు రవీందర్. నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

నీలవ్వ ఒక అడుగు ముందుకేసి ఆగింది. ఇంకెవరైనా చేసిన పనైతే ఇల్లు లేచిపోయేది. నాగమ్మను ఏమని తిడుతుంది? సంచీ పట్టుకుని అలాగే నిలబడింది. సత్తవ్వ మాత్రం నిలబడలేదు. వాడకట్టంతా తిరిగి వచ్చింది. ఆమె వెనక పాల గ్లాసులతో ఆడవాళ్లు వచ్చారు. ఒకరు పాలు పోశారు, ఒకరు కోడిగుడ్డు పెట్టారు. ఒకామె కొబ్బరికాయ ఎత్తింది.

"బండకు కొట్టకుండ్రి! బయట కొట్టుండ్రి, మీకు దండం పెడత!" అని రవీందర్ అరిచాడు. కాయ అప్పటికే బండకు తగిలి పగిలింది. బండ మీద ఇంకో పెద్ద గీత.

"గీ బండకు మరీ గింత జల్ది గీతలు పడ్తున్నయేందే," అని నీలవ్వ ఏడుపు గొంతుతో అంది.

"గీతలు గాదే, తల్లికి పిల్లలు పుడుతున్నయి," అని సత్తవ్వ ఓదార్చింది. తర్వాత సంచీ వైపు చూసి ముక్కు మూసుకుంది. "గా నీసు గీడ వండుతవా? నాగమ్మ ముంగట?"

మటన్ పెరట్లోకి నడిచింది. పాత షాబాదు బండ పక్కన రాళ్లు పేర్చి పొయ్యి పెట్టారు. ఊదడానికి మనిషి కావాలి కాబట్టి రవీందర్‌ను కూర్చోబెట్టారు. మార్కెట్ పోయింది, మంచం పోయింది. పొగలో కళ్లు మండుతుంటే ఆ నడుముతోనే వంగి ఊదాడు. వంటింట్లోంచి మంగళహారతి వినిపిస్తుంటే, ఇప్పుడు లేచి నిజం చెబితే ఎవరు ముందు కొడతారా అని లెక్కవేసుకున్నాడు. నీలవ్వే కొడుతుంది. కొట్టినా బాగుండును, మళ్లీ ఏడాది మాట్లాడకుండా ఉంటే తాను తట్టుకోలేడు.

గంగామణి ఆటో దిగేసరికి ఇంటి ముందు చెప్పుల గుట్ట ఉంది. "ఏమైంది తమ్మీ? ఎవలకేమైంది?" అని కంగారుపడింది.

"ఎవలకేం కాలేదక్కా. లోపలికి పో," అన్నాడు రవీందర్ నీరసంగా.

ఆమె కొత్త బండను చూసి ఏదో ఒక వంక పెట్టాలని దారి పొడుగునా ఆలోచించుకునే వచ్చి ఉంటుంది. కానీ లోపల అందరూ చేతులు జోడించి నిలబడి ఉంటే ఆమె చేతులూ జోడించక తప్పలేదు. సత్తవ్వ పెద్ద ప్రమిద వెలిగించి పడగకు దగ్గరగా పెట్టింది. మంట నిలబడింది. కాసేపటికి ప్రమిద పక్కన బండ సన్నగా ముడత పడింది. ముడత ఉబ్బింది. ఉబ్బిన చోట చిటచిటమంటూ అంచు లేచింది.

"అయ్యో తల్లీ! కుబుసం ఇడుస్తున్నదే!" అని సత్తవ్వ గొంతు చించుకుంది. ఇద్దరు ముగ్గురు వెనక్కి తూలారు.

ఆ కేకకు రవీందర్ పెరట్లోంచి ఉరికొచ్చాడు. బండే కాలిపోతోందనుకున్నాడు. భయమూ భక్తీ వదిలేసి ప్రమిదను లాగేశాడు. దాని అడుగుకు అతుక్కుని బండ పైపొర కూడా చేతి వెంట లేచి వచ్చింది. దాని కింద తెల్లగా, నున్నగా, గీత అన్నదే లేకుండా మరో బండ ఉంది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మొదట అర్థమైంది నీలవ్వకు. ఆమె ముందుకొచ్చి ఆ పొర అంచును గోటితో పట్టుకుని లాగింది. పాలూ పసుపూ కుంకుమా నాగమ్మా అన్నీ మోసుకుంటూ, బండ పొడుగునా పొర జరజరా ఊడి వచ్చింది. బండ బిగించిన మనిషి తీయకుండా వదిలేసిన కవరు అది. కవర్ల ఇంట్లో, కవరు లేదని ఏడ్చిన ఒకే ఒక్క వస్తువుకు మొదటి నుంచీ కవరు ఉంది.

నీలవ్వ దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. గీత కొసన ఒక పసుపు కొమ్ము పెచ్చు ఇరుక్కుని ఉంది. దాన్ని గోటితో పీకి కొంగున ముడేసుకుంది. తర్వాత మొగుడి చొక్కా జేబు వైపు చూసింది. విరిగిన కొమ్ము ముక్క అందులోంచి తల బయటపెట్టింది. రవీందర్ చేత్తో జేబు మూసుకున్నాడు. మూసుకోకపోయి ఉంటే ఆమెకు ఇంకా అనుమానమే మిగిలేదేమో.

"గిదేంది నీలవ్వా? ప్లాస్టిక్ కవరు లెక్కున్నది?" అంది గంగామణి.

వంటింట్లో అందరూ నీలవ్వ నోటి వైపే చూస్తున్నారు. రవీందర్ కళ్లు మూసుకున్నాడు. ఇక ఈ మాట మోర్తాడ్ దాకా పోతుంది, కవరు తీయడం కూడా తెలియనివాళ్లని ప్రతి పెళ్లిలో నవ్వుతారు, అదంతా తన కొమ్ము వల్లే.

"అవ్ వదినా, కవరే," అంది నీలవ్వ నింపాదిగా. "తల్లి కవరు మీద్నే కూసున్నది గని మా బండకు గోరంత గీత పడనియ్యలే. సూడు, ఎట్లున్నదో."

ఆడవాళ్లందరూ ఔను ఔను అన్నారు. సత్తవ్వ ఆ పొరను భద్రంగా మడిచి, కుబుసం ఇంట్లో ఉంటే మంచిదని కొంగున పెట్టుకుంది. గంగామణి మాత్రం కదల్లేదు. తెల్ల బండను వేలితో తడుముతూ ఉంటే ఆమె కళ్లు నిండాయి.

"మా బండ నిండ గీతలేనే. ఏడాది సంది సూసుకుంట ఏడుస్తున్న. మీ అన్నకు సుత చెప్పలే. గందుకే ఆ దినం నీ మీద గట్ల ఒర్రిన."

నీలవ్వ వదిన చెయ్యి పట్టుకుంది. ఏడాదిగా దాచుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. అందులో ఒక్కటీ నోటిదాకా రాలేదు. "ఇంటికి పోయినంక ఒక మూలకు గోరు పెట్టి సూడు వదినా," అంది చివరికి. "జర దీపం సుత పెట్టు."

ఆ మధ్యాహ్నం గంగామణి పెరట్లో షాబాదు బండ మీదే పళ్లెం పెట్టుకుని, మటన్ మస్తుగుందని రెండుసార్లు అడిగి వేయించుకుని తిన్నది. పొద్దు గూకక ముందే మోర్తాడ్ నుంచి ఫోను వచ్చింది. మాటలు తక్కువ, సంతోషం ఎక్కువ; అక్కడి బండ కూడా కుబుసం విడిచిందట.

నీలవ్వ ఫోను పెట్టేసి, కొంగు ముడిలోంచి ఆ పసుపు పెచ్చు తీసి మొగుడి అరచేతిలో పెట్టింది. "ఇగో, నీ నాగమ్మ."

"మార్కెట్‌ల చూపెడదామని..." అన్నాడు రవీందర్.

"మంచి సరుకే. ఇగ వంటింట్ల కాలు పెట్టకు," అంది. అంటూ నవ్వింది. ఆ నవ్వుకు అతని నడుం నొప్పి సగం తగ్గింది.

మర్నాడు పొద్దున అతను చాయ్ కోసం గడప దగ్గరే నిలబడి లోపలికి చూశాడు. తెల్ల బండ మీద పూలపూల రెగ్జిన్ పరిచి ఉంది, దాని మీద పేపర్లు, పేపర్ల మీద రెండు మడతల పాత చీర. పొయ్యి పెరట్లోకి, షాబాదు బండ పక్కకు చేరింది. ఆర్మూరులో అంత తెల్లటి వంటగట్టు ఇంకొకటి లేదు. దాన్ని మళ్లీ చూసినవాళ్లూ లేరు.