బుడంకాయ ఎడమవైపే తిరుగుతుంది

ఆరేళ్ళ పిల్లకి కొనివ్వదగ్గ పెంపుడు జంతువు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. దాని పేరు రోబో వాక్యూమ్ క్లీనర్.

నవ్వకండి. ఈ విషయం మీద నేను ఎనిమిది నెలలు పరిశోధన చేశాను. చేశాను అంటే, చెయ్యాల్సి వచ్చింది. మా అమ్మాయి ఒకరోజు బడి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, గుమ్మంలోనే నిలబడి డిమాండు పెట్టింది.

"నాకో జంతువు కావాలి. చిన్నదైనా ఫర్వాలేదు. దానికి నేను కావాలి, అంతే."

వెంటనే ఎంపిక కమిటీ కూర్చుంది. సభ్యులు ముగ్గురు: నేను, మా ఆవిడ, మా అత్తగారు. పిల్ల చెప్పిన చివరి మాట ముగ్గురిలో ఒక్కరం కూడా చెవిన పెట్టలేదు. కమిటీలకి అంత తీరిక ఎక్కడుంటుంది?

ముందుగా కుక్క. రోజుకి రెండుసార్లు షికారు తిప్పాలట. నాకే ఆ యోగం లేదు, కుక్కకి ఎక్కడి నుంచి తేను?

పిల్లి సోఫా గీకుతుంది. ఆ సోఫా మీద కూర్చోవాలంటే నాకే మా ఆవిడ పర్మిషన్ కావాలి.

చిలక మరీ ప్రమాదం. "దారిలో ఉన్నాను సార్, రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని నేను మంచం మీద నుంచి ఆఫీసుకి చెప్పే మాట అది నేర్చుకుందంటే నా బతుకేం కాను?

కుందేలు వైర్లు కొరుకుతుంది. మా ఇంట్లో వైరు తెగితే ముందు పోయేది వై-ఫై. అది పోతే కుటుంబ సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ కూర్చోవాలి. ఏ గడపలోనూ అలాంటి పరిస్థితి రాకూడదు!

తాబేలుని మా అత్తగారు ఒక్క ముక్కలో కొట్టేశారు. "అది మూడు తరాలు బతుకుతుందట బాబూ. నేను పోయాక నా సామాను సర్దడమే మీవల్ల కాదు, దాన్నెవరు చూస్తారు?"

చేపది ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన కేసు. అది బతకదు. ఒకరోజు పొద్దున్నే నీళ్ళమీద తేలితే పిల్లకి ఎవరు చెప్పాలి? మా ఆవిడ నన్ను చూసింది. నేను అత్తగారిని చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. చేప కూడా రద్దు.

కమిటీ ఇలా తలలు బాదుకుంటూ ఉండగానే, అసలు అభ్యర్థి మా కాళ్ళ సందుల్లోంచి వెళ్ళింది. గుండ్రంగా, తెల్లగా, చిన్నగా గొణుక్కుంటూ.

ఆ యంత్రం అప్పటికి మా ఇంటికి వచ్చి ఏడాది. ఒక్కరోజు కూడా పని సరిగ్గా చేసిన పాపాన పోలేదు. ఎడమ చక్రంలో ఏదో లోపం. ఎటు పంపినా ఎడమవైపే తిరిగి తిరిగి చివరికి సోఫా కింద దూరి ఇరుక్కునేది. లోపలి నుంచి ఒక ఆడగొంతు వినిపించేది: "నేను కదలలేకపోతున్నాను. దయచేసి సహాయం చెయ్యండి."

రోజుకి నాలుగుసార్లు. అది కూడా సరిగ్గా నేను ఆఫీసు ఫోనులో ఉన్నప్పుడే.

ఇదేం పీడరా అని మేం అనుకుంటుంటే, మా అమ్మాయి దానికి బుడంకాయ అని పేరు పెట్టేసింది. గొంతు వినిపించడం ఆలస్యం, పరిగెత్తుకొచ్చి, నేలమీద బోర్లా పడుకుని, చెయ్యి చాచి, అంచు పట్టి బయటికి లాగేది. హాలు మధ్యలో పెట్టి, నెత్తిమీద రెండుసార్లు తట్టి, "ఊఁ, ఇంక వెళ్ళు" అనేది. అది వెళ్ళేది. మళ్ళీ ఎడమవైపే.

ఇప్పుడు చెప్పండి, దీన్ని మించిన పెంపుడు జంతువు ఉందా? బొచ్చు రాల్చదు, రాలిన బొచ్చు కూడా తింటుంది. కరవదు. టీకాలక్కర్లేదు. ఊరెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళని బతిమాలుకోనక్కర్లేదు. ముఖ్యంగా, చచ్చిపోదు. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మంచి ఇంట్లో జంతువు ఆరోగ్యంగా ఉండాలి కదా అనిపించింది. ఎక్స్ఛేంజ్ ఆఫర్ కనిపించింది. పిల్ల బడికెళ్ళిన సమయం చూసి పాతది ఇచ్చేశాను, కొత్తది తెచ్చాను. అదే గుండ్రం, అదే తెలుపు. పసిపిల్ల, దానికేం తెలుస్తుంది?

కొత్తది మహా మేధావి. ఇంటి మ్యాపు మొత్తం బుర్రలో పెట్టుకుంది. మూల మూలా ఊడ్చి, నోరెత్తకుండా వెళ్ళి, తన ఛార్జింగ్ తనే పెట్టుకుంటుంది.

సాయంత్రం మా అమ్మాయి అలవాటుగా సోఫా పక్కన కూర్చుంది. ఎదురుచూసింది. యంత్రం సోఫా కింద ఇటు దూరి అటు బయటికొచ్చింది. మళ్ళీ దూరింది, మళ్ళీ వచ్చింది.

"అమ్మమ్మా, ఇది బుడంకాయ కాదు."

"అదేనే తల్లీ. నాన్న దాని ఒళ్ళు కడిగించుకొచ్చారు." అత్తగారు నన్ను కాపాడబోయారు.

"కాదు. దీనికి నేనక్కర్లేదు."

ఏడిస్తే ఐస్‌క్రీముతో ఎదుర్కొనేవాణ్ణి. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి నిలబడింది.

"అదెక్కడుంది నాన్నా?"

"సర్వీస్ సెంటర్లో అమ్మలూ. అక్కడ హాయిగా ఉంటుంది."

"అక్కడ ఇరుక్కుంటే ఎవరు తీస్తారు?"

ఎనిమిది నెలల పరిశోధనలో ఈ ప్రశ్న ఎక్కడా తగల్లేదు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి పిల్లతో సహా సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడ అలమర నిండా తెల్లటి, గుండ్రటి బుడంకాయలు. ఇరవైకి పైనే ఉన్నాయి.

"స్టిక్కర్లన్నీ పీకేశాం సార్," అన్నాడు మెకానిక్. "మధ్యాహ్నం తుక్కు బండి వస్తుంది. మీదేదో గుర్తుపడితే పట్టుకెళ్ళండి."

నేను గుర్తుపట్టడమా? ఏడాదిపాటు దాని గొంతు విని విసుక్కున్నానే కానీ మొహం ఎప్పుడు చూశాను?

"అన్నీ కింద పెట్టండి అంకుల్," అంది మా అమ్మాయి.

"నాకింకేం పని లేదనుకున్నావా పాపా?"

"మా నాన్న కూడా ఇంట్లో ఇలాగే అంటారు." అని అక్కడే నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

మెకానిక్ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. మా అత్తగారి దగ్గర నేర్చుకున్నదే. అతను నిట్టూర్చి ఒక్కొక్కటే దించి స్విచ్ నొక్కాడు. మొదటిది కదల్లేదు. రెండోది తిన్నగా వీధి గుమ్మం వైపు వెళ్ళింది. మూడోది వెనక్కి నడిచింది. తొమ్మిదోది కాసేపు ఆలోచించి ఎడమవైపు తిరిగింది. ఇంకోసారి తిరిగింది. మెకానిక్ బల్ల కింద దూరింది.

"నేను కదలలేకపోతున్నాను. దయచేసి..."

మాట పూర్తయ్యేలోపే మా అమ్మాయి బోర్లా పడుకుని ఉంది.

"ఎడమ చక్రం సార్. పది నిమిషాల పని. బాగుచేసి ఇచ్చెయ్యనా?" అన్నాడు మెకానిక్.

పిల్ల దాన్ని పొట్టకి హత్తుకుంది. "వద్దంకుల్. బాగానే ఉంది."

కాబట్టి పాఠకులారా, నా సిఫారసులో మార్పేమీ లేదు. చిన్న సవరణ మాత్రం ఉంది. కొనేటప్పుడు పనిచెయ్యనిది అడిగి తీసుకోండి.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే, రోజూలాగే ప్లగ్గు పక్కన నా కుర్చీలో సెటిలయ్యాను. ఫోను ఛార్జింగ్‌లో ఉంది, వైరు చివర నేనున్నాను. ఎంతసేపయిందో తెలియదు. ఎవరో నా వేలు పట్టి లాగారు. లాగుతూనే ఉన్నారు. చివరికి లేవక తప్పలేదు.

మా అమ్మాయి నన్ను హాలు మధ్యదాకా తీసుకెళ్ళి నిలబెట్టింది. వంగమని సైగ చేసింది. నెత్తిమీద రెండుసార్లు తట్టింది.

"ఊఁ, ఇంక వెళ్ళు," అని పోయి బుడంకాయ పక్కన నేలమీద కూర్చుంది.

నాకు కుడివైపు కుర్చీ, ఫోను.

ఎడమవైపు తిరిగాను.