నెలకో తగాదా తప్పనిసరి

రెండు దేశాల మధ్య మైత్రి నిలబడాలంటే పూండి దగ్గర ఒక ఇంట్లో నెలకు కనీసం ఒక తగాదా జరగాలి. ఇది నా అభిప్రాయం కాదు. వసుధా విద్యార్థి మార్పిడి సంస్థ తన స్థానిక సమన్వయకర్తలకు ఇచ్చిన చేతిపుస్తకంలో నాలుగో అధ్యాయం.

విదేశీ హైస్కూలు పిల్లలను ఏడాదిపాటు మన ఇళ్లలో ఉంచి చదివించే ఈ సంస్థ 2006లో పలాస, టెక్కలి ప్రాంతానికి విస్తరించింది. ఎందుకు విస్తరించిందో చెప్పలేదు. (పటంలో రైల్వే స్టేషన్లు దగ్గర దగ్గరగా కనిపించాయని ఒకరు అన్నారు.) సమన్వయకర్త కావాలంటే సొంత ఫోను ఉండాలి, పరాయి సంస్కృతుల మీద గౌరవం ఉండాలి. పలాసలో ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెప్పే సుధారాణికి ఫోను ఉంది. గౌరవం ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది. ఇంకెవరూ దరఖాస్తు చెయ్యకపోవడంతో పోటీలో ఆమే నెగ్గింది.

విశాఖలో శిక్షణ ఇచ్చారు. విద్యార్థి అతిథి కాదు, ఇంట్లో మనిషి అన్నది మొదటి పాఠం. ఇంట్లో మనిషి అయిందనడానికి రుజువు తగాదా అన్నది రెండో పాఠం. తగాదా లేని ఇంట్లో ఏదో దాస్తున్నట్టు లెక్క. సమన్వయకర్త నెలనెలా వెళ్లి తగాదా, దాని కారణం, పరిష్కారం రాసి పంపాలి. వరుసగా మూడు నెలలు ఖాళీగా వస్తే విద్యార్థిని వేరే ఇంటికి మారుస్తారు. ఐదో అధ్యాయం మొదలయ్యే వేళకు భోజనాల గంట కొట్టారు.

జూలైలో జర్మనీ నుంచి క్లారా అనే పదహారేళ్ల పిల్ల వచ్చింది. పూండి దగ్గర అంద్రెయ, లీలమ్మల ఇంట్లో పెట్టారు. వాళ్లకు జీడితోట, కొబ్బరిచెట్లు ఉన్నాయి. క్లారా ఈడు కూతురు శిరీష ఉంది. నెల తిరిగాక సుధారాణి వెళ్లి అడిగింది.

"క్లారాతో ఏమైనా గొడవ జరిగిందా లీలమ్మక్కా?"

"ఓలమ్మో! గొడవేటి టీచరుగారూ? మన గడపలోకొచ్చిన గుంట మీద ఊరికి సెప్పుకుంటామేటి?"

"చిన్నదైనా ఫరవాలేదక్కా."

"ఏటీ లేదు. ఉందని రాస్తే కళ్లు పోతాయి."

నిబంధన ప్రకారం క్లారాను విడిగా అడిగింది. తిన్న కంచం కడగనివ్వడం లేదని క్లారా చెప్పింది. సుధారాణి ఆశపడి అదే రాసింది. అది మర్యాద కిందికి వస్తుందే గాని తగాదా కిందికి రాదని నివేదిక తిరిగొచ్చింది.

రెండో నెలా, మూడో నెలా కూడా ఖాళీగానే వెళ్లాయి. సంస్థ సంఘర్షణల విభాగం నుంచి యుగంధర్ అనే పర్యవేక్షకుడు వస్తున్నాడని కబురు వచ్చింది. ఆయన ముందు తగాదా కనపడకపోతే పిల్లను విశాఖలో ఒక ఫ్లాటుకు మారుస్తారు. (ఆ కుటుంబానికి తగాదాల్లో అనుభవం ఉంది.) అప్పటికి క్లారా తనకిచ్చిన మంచం వదిలేసి శిరీషతో పాటు చాప మీద పడుకుంటోంది. కబురు విని ఆ పూట అన్నం తినలేదు. లీలమ్మా తినలేదు.

"ఆయన ముందు ఒక్కసారి పిల్లను తిట్టక్కా. ఉంచేస్తారు," అంది సుధారాణి.

"నన్ను తిడితే సెల్లదేటి?" అన్నాడు అంద్రెయ. "పెళ్లైన కాడ్నించీ తింటన్నాను. అలవాటైన పని."

"చెల్లదు బావా. విద్యార్థినే తిట్టాలి."

యుగంధర్ పాసింజరు రైలు దిగి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లీలమ్మ కొంగు బిగించి, అన్నం తింటున్న క్లారా ముందు నిలబడింది.

"ఏమే క్లారా," అంది లీలమ్మ గట్టిగా. తర్వాత గొంతు జారింది. "ఇంకో సేప ముక్క ఏసుకోకూడదేటమ్మా?"

యుగంధర్ ఫైలు మూశాడు. "సంఘర్షణ సామర్థ్యం లేదు. పిల్ల బట్టలు సర్దండి," అన్నాడు.

తను అతిథి కాదని చూపించాలని కాబోలు, క్లారా పెరట్లోకి పరుగెత్తింది. గోనె మీద పోసివున్న జీడిపిక్కలు కొడుతున్న శిరీష పక్కన కూర్చుని తనూ సుత్తితో కొట్టడం మొదలెట్టింది. పచ్చిపిక్కలోని జీడినూనె అంటితే చర్మం ఊడుతుంది. అందుకే ఇక్కడి ఆడవాళ్లు చేతులకు బూడిద రాసుకోకుండా పిక్క ముట్టరు. క్లారా రాసుకోలేదు.

లీలమ్మ చూసింది. పర్యవేక్షకుడు ఉన్నాడన్న సంగతి మరిచిపోయింది.

"ఒలే! ఎన్నిసార్లు సెప్పాలే నీకు? సేతులు ఊడిపోతాయే! బుర్ర ఉందా, జర్మనీలో మర్సిపోయొచ్చావా?"

"నానేటి సిన్నపిల్లనా? శిరీష కొడితే ఏటీ అనవు, నన్నే అంటావు!" అంది క్లారా, అచ్చం లీలమ్మ యాసలోనే.

"దాని సేతికి బూడిదుంది! కళ్లు కనిపించట్లేదేటే?"

లీలమ్మ ఆ పిల్ల జబ్బ పట్టుకుని పొయ్యి దగ్గరికి ఈడ్చుకుపోయింది. చేతులకు బూడిద రుద్దుతూ వీపు మీద ఒకటి వేసింది. "నువ్వేటి సూత్తన్నావు, కొబ్బరినూనె తే!" అని మొగుణ్ని కూడా కలుపుకుంది. క్లారా ఏడుస్తూనే జవాబు చెప్పింది. శిరీష నవ్వుతోంది.

యుగంధర్ ఫైలు మళ్లీ తెరిచాడు. చాలాసేపు రాశాడు.

"ఇది తగాదాయే కదండీ?" అంది సుధారాణి.

"నిస్సందేహంగా. నా సర్వీసులో ఇంత స్పష్టమైనది చూడలేదు. ఇరుపక్షాలూ అరిచాయి. మూడో మనిషి ప్రమేయం ఉంది. ఈడ్చడం ఉంది, దెబ్బ ఉంది."

"అయితే పిల్ల ఇక్కడే ఉంటుంది."

ఆయన చేతిపుస్తకం తిప్పి ఐదో అధ్యాయం చూపించాడు. దెబ్బ దాకా వెళ్లిన తగాదాలో విద్యార్థిని ఆ రోజే సురక్షిత గృహానికి తరలించవలెను.

సాయంత్రం పాసింజరుకు క్లారాను ఎక్కించారు. చేతులకు బూడిద అలాగే ఉంది. కడగడానికి లీలమ్మ ఒప్పుకోలేదు.

ముగింపు నివేదిక కోసం సుధారాణి ఆ ఇంటికి ఇంకోసారి వెళ్లాల్సి వచ్చింది. ఇంకో విద్యార్థిని పంపితే ఉంచుకుంటారా అన్నది చివరి ప్రశ్న.

"ఉంచుకుంటాం టీచరుగారూ," అంది లీలమ్మ. "ఈసారొచ్చే పిల్ల సేతులు కాలిపోతన్నా నాను నోరెత్తను."

సుధారాణి ఉన్నదున్నట్టు రాసి పంపింది. ఆతిథ్య కుటుంబంలో ఆశించిన ప్రగతి కనిపిస్తున్నందుకు హర్షం వెలిబుచ్చుతూ సంస్థ నుంచి జవాబు వచ్చింది.