లెక్కతో పనున్నవాళ్ళ సంఘం

ఒక పెద్ద అడవిలో జింకల్ని లెక్కపెట్టడానికి ఒక శాఖ ఉండేది. శాఖ అంటే మద్దిచెట్టు కొమ్మే. దాని అధికారి వడ్రంగిపిట్ట. ఏడాదికో రోజు పొద్దున్నే జింకలు మడుగుకి వస్తుంటే, ఒక్కో జింకకి చెట్టు మీద ఒక్కో బెజ్జం పొడిచేది. కళ్ళెదురుగా ప్రాణి కనపడనిదే ముక్కు కదిపేది కాదు.

ఆ లెక్కని బట్టే సింహానికి భోజనం. పది జింకలకి ఒకటి చొప్పున ఏడాదికి వేటాడుకోవాలని చట్టం.

ఆ ఏడు బెజ్జాలు నలభై తేలాయి.

"అంటే నాకు నాలుగా?" అని సింహం గర్జించింది. "పోయినేడు పది తిన్నాను. పనికిమాలిన శాఖ! నరికించెయ్యండి!"

వడ్రంగిపిట్ట ఏడుస్తూ కూచుంటే నక్క వచ్చి ఓదార్చింది.

"పిచ్చి పిట్టా, ఒంటరిగా నిజం చెబితే ఎవడు వింటాడు? లెక్కకి అండగా నలుగురు నిలబడాలి. లెక్కతో పనున్నవాళ్ళందర్నీ కలిపి సంఘం పెడదాం."

"అయితే జింకల్ని కూడా పిలుద్దామా?"

"వాటికి లెక్కతో ఏం పని? అవి లెక్కలో ఉంటాయి, చాలు."

సంఘం ఏర్పడింది. నక్కలు, తోడేళ్ళు, గుంటనక్కలు. సింహం తిని వదిలిందే వీటికి ఆధారం కాబట్టి, లెక్క మీద వీటికున్న ప్రేమ అంతా ఇంతా కాదు.

"నలభై అనడం జింకజాతిని అవమానించడమే," అని తోడేలు కళ్ళు తుడుచుకుంది. "మూడు వందలన్నా ఉండాలి." అంతా చప్పట్లు కొట్టారు. లెక్కని శంకించినవాడు అడవి ద్రోహి అని కూడా తీర్మానించారు.

"ప్రాణి ఎదురుగా లేకుండా నేను పొడవను," అంది వడ్రంగిపిట్ట. దాని నిజాయితీ ఆ మాత్రం మిగిలింది.

"అంతేనా?" అంది నక్క.

మర్నాడు సంఘసభ్యులు రెండువందల అరవై మంది తలలకి ఎండుపుల్లలు కట్టుకుని, మడుగులో నీళ్ళు తాగి వెళ్ళారు. ఆడజింకలకి కొమ్ములుండవని ఒక్కరికీ తట్టలేదు. వడ్రంగిపిట్ట కూడా కొమ్ముల కిందికి చూపు దించలేదు. టక్ టక్ మని పొడుచుకుంటూ పోయింది.

ఇది చూసిన ముసలి లేడి చెట్టు కిందికి పరిగెత్తుకొచ్చింది. "పిట్టన్నా, ఉన్నది నలభై మందిమే. నలుగురు పోతే ఏడ్చుకుని బతుకుతాం. ముప్పై మందిని తినేస్తే ఇంక మేమెక్కడ మిగులుతాం? ఆ బెజ్జాలు తప్పని ఒక్క మాట చెప్పు."

వడ్రంగిపిట్ట తల దించుకుంది. "శాఖ మిగిలితేనే కదమ్మా, వచ్చే ఏడైనా నిజం పొడిచేది."

"వచ్చే ఏడు పొడవడానికి మేముండాలి కదా!" అంది లేడి. ఆ పూటే మందనంతా తోలుకుని ఏరు దాటి పక్క అడవికి వెళ్ళిపోయింది.

మూడు వందలని వినగానే సింహం పొంగిపోయింది. శాఖ నిలిచింది. వడ్రంగిపిట్ట మెడలో దండ పడింది. సింహం లొట్టలేసుకుంటూ వేటకి బయల్దేరి, మూడు రోజులు తిరిగినా కొమ్ము కొస కూడా కనపడక, కడుపు కాలిపోతూ మద్దిచెట్టు కిందికి వచ్చింది. సంఘం అక్కడే విజయోత్సవం జరుపుకుంటోంది.

"ఏవి నా మూడు వందల జింకలు?"

వడ్రంగిపిట్ట బెజ్జాల వంక చూసింది. తర్వాత సంఘం వంక చూసింది. "నలభై వెళ్ళిపోయాయి మహారాజా. మిగతా రెండువందల అరవై ఇక్కడే ఉన్నాయి."

సింహం నక్క వైపు తిరిగింది.

"మహారాజా, నేను నక్కని! చూడండి, నా తోక చూడండి!"

"లెక్కలో ఏమని ఉంది?"

"జింక అని," అంది వడ్రంగిపిట్ట.

"ఆ లెక్క శుద్ధ తప్పు!" అని నక్క అరిచింది.

"లెక్కని శంకిస్తావా? ద్రోహీ!" అంటూ సింహం దాని మీదికి దూకింది. చట్టమంటే సింహానికి మహా గౌరవం. సరిగ్గా ముప్పై తిని ఆగింది.

నీతి: తప్పుడు లెక్కకి ఎంతైనా అండగా నిలబడండి, ఆ లెక్కలో మాత్రం నిలబడకండి.