ధ్వని పరీక్షాధికారి రాజమల్లు ట్రక్కు

సూరత్, గోడాదరాలోని తెలుగు నేతకారుల వీధులకు సంతోషంతో తెలియజేయడమేమనగా, ఈ ఏటి మార్కండేయ జయంతి ఊరేగింపులో పాట ప్రతి ఇంటికీ, ప్రతి గుండెకూ, వీలైతే ఇళ్ల పునాదులకూ చేరేటట్లు ఉత్సవ కమిటీ తగిన ఏర్పాట్లు చేసింది. ఏర్పాట్ల బరువు రాజమల్లు ట్రక్కు మీద, గౌరవం రాజమల్లు మీద పడ్డాయి.

రాజమల్లు సామాన్యుడు కాడు. కమిటీ నియమించిన ధ్వని పరీక్షాధికారి. పాట చాలినంత గట్టిగా ఉందని అతను చెబితేనే ఉన్నట్టు. వయసంతా పవర్‌లూమ్ షెడ్డులో గడిపి, ఆ తర్వాత బట్ట తానులు మోసే డీజిల్ ట్రక్కు కొనుక్కున్న మనిషికి శబ్దం గురించి తెలియనిదేముంటుంది? మగ్గాల మోతకు అతని రెండు చెవులూ ఏనాడో మూతపడ్డాయి. ఆ సంగతి భార్య ఊర్మిళకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరేం చెప్పినా రాజమల్లు కళ్లు సగం మూసి గంభీరంగా తలూపుతాడు. ఆ ఊపుడుకే వీధిలో అతనికి ఆలోచనాపరుడని పేరొచ్చింది. గుట్టు బయటపడితే పదవి పోతుంది, ఊరేగింపుకు ముందు నడిచే భాగ్యమూ పోతుంది. ఆ ఊహకే పాపం అతనికి ముద్ద దిగేది కాదు.

మొదటి పరీక్షనాడు ట్రక్కు మీద కట్టిన స్పీకర్లలో పాట మోగుతుండగా రాజమల్లు రేకుకు అరచేయి ఆనించి చూశాడు. రేకు అదరలేదు. "జర తక్కువున్నది" అన్నాడు. కమిటీ అధ్యక్షుడు సంపత్ తలూపాడు.

వెంటనే కామ్‌రేజ్ హైవే పక్కన షెడ్డున్న మెకానిక్ మహేశ్‌ను పిలిపించారు. అతను హెడ్‌లైట్లకూ హారన్‌కూ మాత్రమే సరిపోయే కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటర్‌ను పీకేసి, తుక్కుకు పోయిన బస్సుది తెచ్చి బిగించాడు. క్లీనర్ సీటు తీసేసి బ్యాటరీలు పేర్చాడు. బొటనవేలంత రాగి కేబుల్ లాగాడు. "కాకా, దేఖో, ఇంజన్ మెల్లగ నడుస్తే ఇది ఛార్జింగ్ ఇయ్యది. ఎప్పుడూ రేస్ మీద్నే ఉంచాలె. ఊరేగింపుల గట్ల చల్‌సే, నడుస్తదా?" అని అడిగాడు. రాజమల్లు తలూపాడు.

రేసు పెంచితే ఇంజన్ మోత పాటను మింగేసింది. పాట పెంచితే బ్యాటరీలు దిగిపోయాయి. బ్యాటరీలు నిలవాలని ఇంకా పెద్ద ఆల్టర్నేటర్ బిగిస్తే, దాన్ని తిప్పడానికి ఇంకా రేసు కావలసి వచ్చింది. దీన్ని కమిటీ అభివృద్ధి అని పిలిచింది. ప్రతి పరీక్షలోనూ రాజమల్లు "ఇంక జర" అనేవాడు. చివరికి ఒకనాడు అతని అరచేయి, మోచేయి, కట్టుడు పళ్లు ఒకేసారి అదిరాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"గిప్పుడు పాట లెక్కున్నది" అన్నాడు.

జయంతి రానే వచ్చింది. ట్రక్కంతా స్పీకర్లకే చాలకపోవడంతో దేవుణ్ణి వెనక ఆటోలో కూర్చోబెట్టారు. దేవుడు అభ్యంతరం తెలపలేదు. పూజారి చెవుల్లో దూది ఉంది. జనం నడక వేగానికి ఇంజన్ రేసు చాలదు కనుక, మహేశ్ బండిని న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కిపట్టాడు. వెనక నుంచి మగ్గాల కుర్రాళ్లు తోశారు. డీజిలు నిండుగా తాగి గర్జిస్తున్న బండిని మనుషులు తోసుకుపోవడం చూసి పెద్దలు తమ జన్మ ధన్యమైందనుకున్నారు. మెడలో దండతో రాజమల్లు ముందు నడిచాడు.

సంపత్ మైకు అందుకున్నాడు. "మన జాతి గొంతు గియ్యాల సూరత్ మొత్తం ఇంటున్నది!" అని ప్రసంగించాడు. సూరత్ సంగతేమో గాని, ఆ ముక్క మైకుకే వినబడలేదు.

ట్రక్కు పక్కన పొరుగింటి భాగీరథి చెవిలో ఊర్మిళ గొంతు చించుకుంటోంది. సరిగ్గా అప్పుడే ఆల్టర్నేటర్ బెల్టు తెగింది. అప్పటికే నీరసించిన బ్యాటరీలు చేతులెత్తేశాయి. పాట ఆగింది. మహేశ్ హడలిపోయి ఇంజన్ కూడా ఆపేశాడు. ఊర్మిళ మాత్రం ఆగలేదు.

"మా ఆయినెకు చెవులే ఇనబడయి, అక్కా! పదేండ్లాయె! గీయినెను నమ్మి గింత లొల్లి చేస్తున్నరు!"

వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మాట మోగింది. రాజమల్లుకు వినబడలేదు గాని, పదేళ్లుగా ఆమె పెదవులు చూసే కాపురం చేస్తున్నాడు కనుక అక్షరం పొల్లుపోకుండా తెలిసింది. అయిపోయిందనుకున్నాడు. సంపత్ వైపు తిరిగాడు.

సంపత్ కళ్లు సగం మూసి గంభీరంగా తలూపాడు. అతని వెనక కమిటీ సభ్యులంతా తలూపారు. బండి తోసిన కుర్రాళ్లూ తలూపారు. భాగీరథి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందే? జర గట్టిగ చెప్పు" అంది. ఆ ఊపుడు ఏమిటో ఈ భూమ్మీద రాజమల్లు కన్నా బాగా తెలిసినవాడు లేడు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

చెవులు పనిచేస్తున్నవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. అప్పుడే బందోబస్తుకు వచ్చిన గుజరాతీ కానిస్టేబులు. అతనికి తెలుగు రాదు. ఏదో స్తోత్రమనుకుని చేతులు జోడించాడు.

ఈ ఏడు శబ్దం కొంత తగ్గినట్లు కమిటీ ఏకగ్రీవంగా విచారం వ్యక్తం చేసింది. ఛార్జింగ్ కోసమే వెనక రెండో ట్రక్కు కట్టాలనీ, రాజమల్లును శాశ్వత పరీక్షాధికారిగా ఉంచాలనీ తీర్మానించింది.

కాబట్టి ఊర్మిళ మాట చేరింది, అర్థమైంది మీ ఒక్కరికే. మీరు బయటపెడతారని రాజమల్లుకు ఏమాత్రం భయం లేదు. వచ్చే ఏడు ఆ రెండు ట్రక్కులూ మీ వీధికే వస్తాయి. సంపత్ మీ ముఖంలో ముఖం పెట్టి "ఎట్లున్నది?" అని అడుగుతాడు. మీరూ తలూపుతారు.