దుర్గంకిందపాళెం విమాన ప్రయాణికులు

ఆసియా ఖండంలో ఏ విమానం మంచిదో ఇకమీదట ఉదయగిరి, ఆత్మకూరు ప్రజలే తేలుస్తారని రాజమోహన్ గారు ఆత్మకూరులో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. ఖండం ఎంత పెద్దదో రెండు చేతులూ చాపి చూపించారు. కుడిచెయ్యి తగిలి మైకు పడబోతే, వెనకాల నిలబడ్డ పెంచలప్రసాద్ పట్టుకుని మళ్ళీ నిలబెట్టాడు. అతని పని అదే.

రాజమోహన్ గారు పదవి కోసం పాకులాడే మనిషి కాదు. దేవస్థానం బోర్డు అడిగారు, పోయింది. మార్కెట్ యార్డు అడిగారు, అదీ పోయింది. ఆఖరుకు పార్టీ వెతికి వెతికి 'విమాన ప్రయాణికుల అభిప్రాయ సేకరణ మండలి'లో సభ్యత్వం ఇచ్చింది. అలాంటి మండలి ఒకటి ఉందని ఇచ్చినవాళ్ళకు కూడా అప్పటిదాకా తెలియదు. ఇంకొకరైతే అలిగి ఇంట్లో కూర్చునేవారు. ఈయన మర్నాడే కారుకు బోర్డు తగిలించారు. ఆయన జన్మలో విమానం ఎక్కింది ఒక్కసారి. టికెట్టు పార్టీ కొన్నది కాబట్టి ఛార్జీల మీద ఆయనకు కోపం లేదు. ఎక్కగానే నిద్రపోయారు కాబట్టి సర్వీసు మీద ఫిర్యాదూ లేదు. ఇంత నిష్పక్షపాతి దొరకడం మండలి చేసుకున్న అదృష్టం.

సంగతేమిటంటే, ఆసియాలో ప్రయాణికులు ఎక్కువగా మెచ్చుకున్న విమాన కంపెనీకి ఏటా ఒక అవార్డు ఇస్తారు. ఈసారి దాని మీద హంసయాన్ ఎయిర్‌వేస్ కన్నేసింది. తమ ప్రాంతం నుంచి ఎక్కువ మెప్పు పోగుచేసిన సభ్యుణ్ణి కంపెనీ తన ఖర్చుతో బ్యాంకాక్‌లో జరిగే సభకు తీసుకెళ్తుంది. ఈ చివరి ముక్క రాజమోహన్ గారు విలేకరులకు చెప్పలేదు. అన్నీ ఒకేసారి చెబితే ప్రజలకు అరగదని ఆయన అభిప్రాయం.

పెంచలప్రసాద్ బాధ వేరు. అతనిది ఉదయగిరి అవతల, కొండ కింద ఉండే దుర్గంకిందపాళెం. ఆ ఊరికి ఆత్మకూరు నుంచి ఒకే బస్సు. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. అతని భార్య రేణుకాదేవి ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేది. వేసవిలో డిపో వాళ్ళు సాయంత్రం ట్రిప్పు తీసేశారు. (ఏ డిపో అని అడక్కండి, పేరు చెప్పి ఒకరిని చిన్నబుచ్చడం ఎందుకు.) రేణుకాదేవి కొన్నాళ్ళు ఆటోలు మారి, ఆఖరి మూడు మైళ్ళు నడిచింది. ఒక రోజు వానలో చెప్పు తెగిపోయి, ఆ తెగిన చెప్పు మొగుడి ముందు పెట్టింది.

"అన్న వెనకాల ఇన్నేండ్లు తిరిగినావు. ఒక్క బస్సు యేయించుకోలేకపోయినావు. బస్సు వచ్చినాకే నేనొస్తా" అని ఆత్మకూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి పెంచలప్రసాద్ తనే వండుకుని, తనే తిని, తనే వంకలు పెట్టుకుంటున్నాడు.

ప్రెస్‌మీట్ అయ్యాక కారు దగ్గర అన్నను కదిలించాడు.

"అన్నా, మా బస్సు సంగతి..."

రాజమోహన్ గారు జాలిగా చూశారు. "ఆసియాలో విమానాలన్నీ జూసుకునేవాణ్ణి, నీ డొక్కు బస్సు ఒక లెక్కా ప్రసాదా? ఈ అభిప్రాయాల పని కానీ. అయిపోయిన రోజే డిపోకు ఫోన్ కొడతా."

పెంచలప్రసాద్ ఆ రాత్రి అన్నం మాడినా తెలియకుండా తినేశాడు.

కంపెనీ వాళ్ళు ప్రశ్నలున్న ట్యాబ్ ఒకటి పంపారు. ఇక కావలసింది ప్రయాణికులు. ఉదయగిరి చుట్టుపక్కల విమానం ఎక్కినవాళ్ళ కోసం పెంచలప్రసాద్ రెండు రోజులు తిరిగాడు. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన మస్తాన్ ఒక్కడే దొరికాడు. ఛార్జీ గురించి అడగ్గానే అతను కంపెనీ ముత్తాతల దాకా తిట్టాడు. ట్యాబ్‌లో అన్ని తిట్లు పట్టే చోటు లేదు.

"ఒరేయ్, ప్రయాణికులంటే ఎవురురా?" అన్నారు రాజమోహన్ గారు. "ప్రయాణం చేసేవోళ్ళు. దేంట్లో అనేది వాళ్ళ సొంత విషయం. బస్టాండుకి పో."

నాయకుడికీ మామూలు మనిషికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. సాయంత్రం ఆత్మకూరు బస్టాండులో పాళెం వైపు పోయేవాళ్ళు గుంపుగా కూర్చుని ఉన్నారు. బస్సు తీసేశారని వాళ్ళకు తెలుసు. ఆటో నిండాలన్నా, లారీ ఆపాలన్నా నలుగురూ కూడాలి కాబట్టి అక్కడే కూర్చుంటారు. పెంచలప్రసాద్ ముందుగా మేకలు అమ్ముకుని వస్తున్న రామలక్ష్మమ్మ దగ్గర కూలబడ్డాడు. వరసకు ఆమె అతనికి అవ్వ.

"అవ్వా, విమానం గురించి నీ అభిప్రాయం చెప్పు."

"నేనెక్కితే గదా నాయనా."

"పైన పోతుంటే జూసినావు గదా. నిన్నేమన్నా ఇబ్బంది పెట్టిందా?"

"అది నన్నేం జేస్తుంది, దాని దోవన అది పోతుండాది."

'ఇబ్బందులు లేవు' అని నొక్కాడు. "ఛార్జీ ఎక్కువ తీసుకున్నారా?"

"నా దగ్గిర ఒక్క రూపాయి తీసుకోలా."

'ఛార్జీలు చాలా అందుబాటులో ఉన్నాయి.' "సిబ్బంది ఎప్పుడన్నా విసుక్కున్నారా?"

"యాడ కనపడినారు విసుక్కునేదానికి?"

'సిబ్బంది ప్రవర్తన అత్యుత్తమం.' అవ్వ ఫోన్ నంబరు, ఊరి పేరు ఎక్కించి, పక్కన గొర్రెల కామయ్య దగ్గరకు జరిగాడు. చీకటి పడే వేళకు బస్టాండంతా హంసయాన్ సేవలకు మురిసిపోయి ఉంది.

వారం తిరిగేసరికి అభిప్రాయాలు కుప్పలు పడ్డాయి. పెంచలప్రసాద్ మళ్ళీ బస్సు ఊసెత్తాడు. ఈసారి రాజమోహన్ గారు నిజంగానే నొచ్చుకున్నారు.

"నీకు బుర్ర ఉండాదా? ఆ బస్సు లేకనే గదా జనం కదలకుండా కూర్చోనుండేది. బస్సొస్తే ఎక్కి పోతారు. నువ్వెవుర్ని అడగతావు?"

మాటలో న్యాయం ఉంది. పెంచలప్రసాద్ తల ఊపాడు. ఆ సాయంత్రం బస్టాండులో జనం ఇంకా ఎక్కువగా చిక్కుకుపోయి ఉండటం చూసి అతని మనసుకు హాయి అనిపించింది. తర్వాత భార్య గుర్తొచ్చి, ఆ హాయికి సిగ్గు కూడా పడ్డాడు.

ఇంతలో అవతలి వర్గం మేలుకుంది. రాజమోహన్ గారికి వరసకు వదిన అయ్యే ప్రమీలమ్మ గారు, ఆయన ఏది మంచిదంటే అది చెడ్డదని ముప్పై ఏళ్ళుగా నమ్ముతున్న మనిషి. ఆమె పోటీగా ఓరియన్ పెర్ల్ అనే విదేశీ కంపెనీని పట్టుకున్నారు. ఆత్మకూరు సెంటర్లో 'మన విమానం ఓరియన్ పెర్ల్, మన ఆడపడుచు ప్రమీలమ్మ' అని ఫ్లెక్సీ లేచింది. పాళెంలో పడమటి వీధి ఓరియన్‌కు, తూర్పు వీధి హంసయాన్‌కు తిరిగింది. ఓరియన్‌లో భోజనం బాగుండదని తూర్పు వీధివాళ్ళు, హంసయాన్‌లో కాళ్ళు చాపుకునే చోటు లేదని పడమటి వీధివాళ్ళు టీకొట్టు దగ్గర చొక్కాలు పట్టుకున్నారు. అభిప్రాయం చెప్పినవాళ్ళు వేలికి సిరా ఏదని అడుగుతుంటే, రాజమోహన్ గారు నెల్లూరు నుంచి తెప్పించారు.

అప్పుడొక చేదు కబురు తెలిసింది. అవార్డు వాళ్ళు ఫోన్ చేసి ప్రయాణికులను పరీక్షిస్తారట. తడబడితే అభిప్రాయం కొట్టేస్తారట. వెంటనే పాళెంలో 'విమానయాన అవగాహన సదస్సు' పెట్టారు. షామియానా కింద కుర్చీలు వరుసలుగా వేసి, మధ్యలో దోవ వదిలి, చుట్టూ పరదాలు కట్టి, ముందర ఒక్క వాకిలి పెట్టారు. రాజమోహన్ గారు వాకిట్లో నిలబడి నమస్కారం పెడుతూ, "ఒక్కొక్కరే, మర్యాదగా రావాల" అన్నారు.

ఆ మాట పూర్తి కాలేదు. పరదాల సందుల్లోంచి తువ్వాళ్ళు, చేతిసంచులు, ఒక చెంబు లోపలికి వచ్చి కుర్చీల్లో పడ్డాయి. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడం ఆ ప్రాంతంలో అందరికీ వచ్చిన విద్య. రాజమోహన్ గారి నమస్కారం ఇంకా గాల్లో ఉండగానే విమానం నిండిపోయింది.

"అది నా సీటు. నా తువ్వాలు ముందు పడింది" అన్నాడు గొర్రెల కామయ్య.

"విమానంలో అట్టా కుదరదు మామా. టికెట్టులో సీటు నంబరు ఉంటాది" అన్నాడు పెంచలప్రసాద్.

"నంబరుంటే ఏంది? తువ్వాలేస్తే తువ్వాలే."

కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు ఇదంతా వీడియో తీసుకున్నాడు. 'ఆసియాలోనే అతి వేగవంతమైన బోర్డింగ్' అని కంపెనీ దాన్ని లోకానికి చూపించిందని తర్వాత తెలిసింది.

ఫోన్ రామలక్ష్మమ్మకే వచ్చింది. మేకలు తోలుకొస్తున్న అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి, స్పీకరు పెట్టి, పెంచలప్రసాద్, రాజమోహన్ గారు చెరో పక్కా కూర్చున్నారు. అవతల ఎవరో అమ్మాయి, పట్నం తెలుగు.

"నమస్తే అమ్మా. మీరు ఎంత తరచుగా ప్రయాణం చేస్తుంటారు?"

"వారానికి రెండు తూర్లు. సంతకి పొయ్యేది, యాపారం జూసుకునేది, వచ్చేది."

"ఓ, బిజినెస్ ట్రావెల్. మీతో పెంపుడు జంతువులు ఏమైనా వస్తాయా?"

"రాకుంటే నేనెందుకు పోతాను? ఒకటో రెండో మేకలుంటాయి. నా కాళ్ళ కాడే పడుకుంటాయి. పాపం ఏమీ అనరు."

"చాలా గొప్ప విషయమండీ. మీ ఏరియాలో అందరూ ఇలాగే ప్రయాణిస్తారా?"

"నడిచి ఎవురు పోతారమ్మా అంత దూరం? ఊరు ఊరంతా దాంట్లోనే."

రాజమోహన్ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవ్వ గొంతులో ఎక్కడా తడబాటు లేదు. ఎందుకుంటుంది, ఆమె చెప్పిందంతా నిజం.

"చివరి ప్రశ్న. వాళ్ళ సేవల్లో ఏదైనా లోటు ఉందా అమ్మా?"

"ఉండాది. పొద్దున పోయిందాన్ని మళ్ళా సాయంత్రం..."

రాజమోహన్ గారు ఫోన్ కట్ చేశారు. సిగ్నల్ అని అవ్వకు చెప్పారు.

అవార్డు హంసయాన్‌కే వచ్చింది. రాజమోహన్ గారు శాలువాలు కప్పుకుని, పాళెం వాళ్ళందరి చేతా చెన్నై దాకా సాగనంపించుకుని, బ్యాంకాక్ విమానం ఎక్కారు. ఎక్కేముందు పెంచలప్రసాద్ భుజం తట్టారు.

"నీ పనికి అడ్డం లేదింక. డిపోకు పో. వాళ్ళేమన్నా అడిగితే నా పేరు చెప్పు. నేను మాట్లాడతా."

మర్నాడు పెంచలప్రసాద్ ఉతికిన చొక్కా వేసుకుని డిపోకు వెళ్ళాడు. దారిలోనే భార్యకు ఫోన్ చేసి, సామాను సర్దుకోమన్నాడు. ఆమె సరేననకపోయినా కాదనలేదు. అంత మాత్రానికే అతనికి కాళ్ళు నేల మీద ఆనలేదు.

డిపో మేనేజరు అతన్ని చూసి లేచి నిలబడి, చెయ్యి కలిపాడు.

"దుర్గంకిందపాళెమా? రండి రండి. పేపర్లో చూసినాం. ఊరు ఊరంతా వారానికి రెండుసార్లు విమానంలో తిరుగుతారంట గదా. మేకల్ని కూడా తీసకపోతారంట."

"అది వేరే సంగతి సార్. మా సాయంత్రం బస్సు..."

"పై ఆఫీసు వాళ్ళు కూడా అదే అడిగినారు. విమానాల్లో తిరిగే ఊరికి బస్సు దండగ అన్నారు. నేను ఒకంతట నమ్మలేదండీ. బీద ఊరు గదా అని రాజమోహన్ గారికి ఫోన్ చేసినాను."

పెంచలప్రసాద్‌కు ప్రాణం లేచొచ్చింది. "ఎత్తినాడా సార్?"

"బ్యాంకాక్ నుంచే మాట్లాడినారు. పక్కన కంపెనీ వాళ్ళున్నట్టున్నారు, చప్పట్లు వినపడతాండాయి. ఆ అభిప్రాయాల్లో ఒక్కటి కూడా అబద్ధం లేదు, అన్నిటికీ నాది పూచీ అన్నారు. అంత పెద్దమనిషి చెప్పినాక ఇంకేముంది?" మేనేజరు కుర్చీ చూపించాడు. "పొద్దున ట్రిప్పు కూడా తీసేసినాం. రేపటి నుంచే."

పెంచలప్రసాద్ కూర్చోలేదు. బయటికి వచ్చి, బస్సులు కడుగుతున్న చోట నిలబడ్డాడు. ఫోన్ మోగింది.

"సర్దుకున్నా" అంది రేణుకాదేవి. "సాయంత్రం ఎన్ని గంటలకంట?"

అతను చెప్పాడు. దాచడానికి ఏమీ లేదు కాబట్టి మొత్తం చెప్పాడు. అవతల పెట్టె మూత తీసిన చప్పుడు వినపడింది.

"అయితే ఇంట్లో ఉండే నా మిగతా చీరలు కూడా తెచ్చియ్యి" అంది.

"దేంట్లో వచ్చేది?" అన్నాడు పెంచలప్రసాద్.