నడిరోడ్డు మీద వనభోజనం

ఆ కార్తీక ఆదివారం ఉదయం మౌనిక చేయవలసిన పని రెండు మెసేజీలు పంపడం మాత్రమే. అవి సవ్యంగా వెళ్తే దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె ఉద్యోగం పర్మనెంటు, వెళ్లకపోతే ఇంటికే.

మొదటిది ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పుకు, అంటే తెలంగాణ కోసం రోడ్డుకు అడ్డంగా కూర్చొని అక్కడే వండుకు తినే నిరసనకు. అందులో ఆమె తండ్రి సీతారాములు ముందుంటాడు. రెండవది మన్సూరాబాద్ తోటలో కోస్తావారి వనభోజనానికి. దాని పెత్తనం ఆఫీసు యజమాని ప్రసన్నకుమార్ తల్లి శేషారత్నానిది.

సంఘాలకు మెసేజీలు పంపే ఆ ఆఫీసు ప్రోగ్రాంలో బయటి ఫోల్డరులో ఫోన్ నంబర్లుండేవి. దాని కడుపులో వేరుగా పెరిగే మరో ఫోల్డరులో చోటు, తేవలసిన సామాను ఉండేవి. రెండు ఫోల్డర్లకూ బ్రాంచీలు, అంటే మార్చి మార్చి వాడుకునే వేర్వేరు ప్రతులు ఉండేవి: వంటావార్పు బ్రాంచి ఒకటి, వనభోజనం బ్రాంచి ఒకటి. అయితే బయట బ్రాంచి మార్చినంత మాత్రాన లోపల మారదు. దానికి విడిగా ఆజ్ఞ ఇవ్వాలి.

"లోపలి ఫోల్డరు జోలికి మాత్రం వెళ్లకమ్మా. పోయినసారి కెలికితే బాగుచేస్తూ రెండ్రోజులు కూర్చున్నాను" అన్నాడు ప్రసన్నకుమార్.

మౌనిక వెళ్లలేదు. లోపల నిన్న పెట్టిన వనభోజనం బ్రాంచే ఉండిపోయింది. వంటావార్పు మెసేజి వెళ్లిన కాసేపటికే తండ్రి ఫోన్ చేశాడు.

"బిడ్డా, మన్సూరాబాద్ తోటకు పట్టుచీరలు కట్టుకొని, హౌసీ టికెట్లు పట్టుకొని రమ్మన్నరు. గిదేం ఉద్యమమే?"

"తప్పు పోయింది నాయినా. ఎవ్వర్ని కదలనియ్యకు."

"ఇంకేడిది? పోలీసోళ్లను బురిడీ కొట్టనీకి జాగ మార్చిన్రని అందరు ఖుషీ. ఆటోలు బయల్దేరినయ్."

మౌనిక లోపలి బ్రాంచిని వంటావార్పుకు మార్చింది. సవరణ పంపబోయేంతలో ప్రసన్నకుమార్ వచ్చి నెత్తిన నిలబడ్డాడు.

"ముందు అమ్మావాళ్లది పంపించు."

ఆమె కంగారులో బయటి బ్రాంచి మార్చి పంపింది. లోపలిది మారలేదు. వెంటనే కరెంటు పోయి సవరణలు ఆగిపోయాయి. ప్రసన్నకుమార్‌కు తల్లి ఫోను చేసింది.

"ఏరా, ఎల్బీనగర్ చౌరస్తాలో వనభోజనం ఏమిట్రా? కట్టెలు, డప్పులు కూడా తెమ్మన్నారు."

"ఎలా ఉంటే అలా చెయ్యమ్మా. మా ప్రోగ్రాం తప్పు చెప్పదు."

"సార్, లోపలిది..." అన్నది మౌనిక.

"దాని జోలికి వెళ్లొద్దన్నానా?"

శేషారత్నం కొడుకు మాట జవదాటలేదు. ఉసిరికొమ్మను డివైడరుకు కట్టించి, దాని నీడలో పొయ్యి పెట్టించింది. ట్రాఫిక్ హయత్‌నగర్ దాకా నిలిచిపోయింది. ఉదయం నుంచి లాఠీలతో కాచుకొని ఉన్న ఇన్‌స్పెక్టరు దగ్గరకు వచ్చాడు.

"లేవుండ్రమ్మా, అరెస్టు."

"ఉసిరి కింద పొయ్యి మీదున్నది వదిలేసి లేస్తే దోషం నాయనా. పులిహోర తిని అరెస్టు చేసుకోండి."

తిని, చేసుకున్నారు.

సాయంత్రం తోటలో హౌసీ ఆడి వచ్చిన సీతారాములు బృందం ఆ కబురు విన్నది. ఆంధ్రా అక్క తమ బదులు అరెస్టయిందని స్టేషనుకు పరుగెత్తి ఆమెకు శాలువా కప్పింది. శేషారత్నం కాదనలేదు, ఫోటో కోసం కొంగు సర్దుకున్నది.

మర్నాడు మౌనిక ఆఫీసుకు రాజీనామా ఇవ్వడానికే వెళ్లింది.

"సార్, నిన్నటిదంతా నా వల్లనే..."

"తెలుసమ్మా. రెండు సంఘాలూ సంబరపడి వచ్చే నెల పని కూడా మనకే ఇచ్చాయి. ఇవాళ్టి నుంచి నువ్వు పర్మనెంటు. లోపలి ఫోల్డరు జోలికి మాత్రం వెళ్లకు."

మౌనిక తల ఊపింది. వచ్చే నెల ఎవరు ఎక్కడ భోంచేస్తారో చెప్పగలవారు ఆ ఆఫీసులో ఇక లేరు.