పండరి బొమ్మ కన్నీళ్ళు

2007 జూన్‌లో ఒక సోమవారం పొద్దున బాన్సువాడలో విత్తనాల పండరి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది గంటలకు లోకల్ కేబుల్‌లో తన కార్టూన్ బొమ్మ కనబడి మాట్లాడుతుంది. పది గంటలకు రైతులు దుకాణం ముందు నిలబడతారు. మృగశిర వచ్చేసింది, నారుమడులు తడుస్తున్నాయి. సొంత పొలంలో పండించిన అరవై బస్తాల విత్తన వడ్లు ఈ వారం కదలకపోతే మిల్లుకు తోలాల్సిందే, ఏడాది కష్టం మట్టిపాలే.

బొమ్మ చేసినవాడు గోపీచంద్. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడిన వాళ్ళ అబ్బాయి, హైదరాబాద్‌లో ఆరు నెలలు యానిమేషన్ నేర్చుకున్నాడు. అతని కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. గొంతు రికార్డు చేసి ఇస్తే చాలు, బొమ్మ పెదవులు, కనుబొమలు, కళ్ళు అన్నీ అదే కదిలిస్తుంది. గొంతు మెల్లగా ఉంటే సంతోషం, పెద్దగా ఉంటే దుఃఖం అని దాని లెక్క. పండరేమో చిన్నప్పటి నుంచి కాలువ ఇవతల నిలబడి అవతలి వాళ్ళతో మాట్లాడిన మనిషి. భార్యను మంచినీళ్ళు అడిగినా వీధి చివరి దాకా వినబడుతుంది. పాపం సాఫ్ట్‌వేర్, తనకు తెలిసింది చేసింది. పెళ్ళికి వెళ్ళే తొందరలో గోపీచంద్ బొమ్మను చూడకుండానే సీడీ కేబుల్ ఆఫీసులో ఇచ్చేశాడు.

ఎనిమిదింటికి ఊరు చూసింది. తలపాగా, పొడుగు మీసాలు, అచ్చం పండరే. పెదవులు వణుకుతూ, కళ్ళ నుంచి బిందెల కొద్దీ నీళ్ళు కారుతుండగా ఆ బొమ్మ, "గీ విత్తనం ఒక్కసారి పోసి చూడుండ్రి, జిందగీల మర్వరు" అంది. బస్టాండు హోటల్లో టీవీకి సౌండ్ లేదు. టీ తాగేవాళ్ళకు ఏడుపు ఒక్కటే కనబడింది. అప్పట్లో చావు కబురు కేబుల్‌లో వేయించడం మామూలే కాబట్టి, పండరి ఇంట్లో ఎవరో పోయారని తీర్మానించారు. అక్కడి నుంచి కబురు బస్సులెక్కి పల్లెలకు పోయింది.

తొమ్మిదిన్నరకు పండరి మేనత్త పోసవ్వ నస్రుల్లాబాద్ నుంచి ఆటోలో వచ్చి దిగింది. గడపలోనే పండరి భార్య శ్రీలత మెడ పట్టుకుని శోకం ఎత్తుకుంది. నస్రుల్లాబాద్‌లో ఎవరో పోయారనుకుని శ్రీలత కూడా ఎత్తుకుంది. శోకం మధ్యలో ఆపి పోయిందెవరని అడగడం మర్యాద కాదు. ఇద్దరూ మర్యాదస్తులే. అరగంట ఏడ్చారు. ఆ ఏడుపు విని వాడకట్టంతా వచ్చింది, పల్లెల నుంచి బయలుదేరిన రైతులు కూడా ఒక్కొక్కరే వచ్చి వాకిట్లో తలవంచుకుని నిలబడ్డారు.

దుకాణంలో గిరాకీ కోసం చూస్తున్న పండరి భుజం మీద పక్క దుకాణాల వాళ్ళు చేయి వేసి, ధైర్యం తెచ్చుకోమని చెప్పి, షట్టర్ దించేశారు. పండరి పరుగున ఇంటికొచ్చి చూస్తే భార్య ఉంది, అత్త ఉంది, ఇద్దరూ ఏడుస్తున్నారు.

"ఎవ్వలు పోయిండ్రే అత్తా?"

"నాకేమెర్క బిడ్డా? పోయింది నీ ఇంట్ల గదా" అంది పోసవ్వ. "టీవీల నువ్వే ఏడ్వవడితివి."

శ్రీలత ఏడుపు ఆపింది. "మా ఇంట్ల ఎవ్వలు పోలే. నేను నీ దిక్కు జూసి ఏడుస్తున్న" అంది.

పండరి గోపీచంద్‌కు ఫోన్ చేశాడు.

"మీరు కొంచెం గట్టిగా మాట్లాడారన్నా, దానికది ఏడుపులా వినబడింది" అన్నాడు గోపీచంద్.

"నేనెప్పుడు గట్టిగ మాట్లాడిన తమ్మీ?" అన్నాడు పండరి. వాకిట్లో ఉన్న యాభై మందికీ వినబడింది.

ఎవరూ కదల్లేదు. చావు లేని ఇంట్లో నిలబడి పరామర్శకు వచ్చామని నోటితో అనడం కంటే అశుభం ఇంకోటి లేదు. మరి ఎందుకొచ్చినట్టు? ముందున్న పెద్దమనిషి గొంతు సవరించుకుని, విత్తనాల కోసం వచ్చానన్నాడు. వెనకాయన తానూ అందుకేనన్నాడు. షట్టర్ మళ్ళీ లేచింది. మధ్యాహ్నానికి యాభై తొమ్మిది బస్తాలు అమ్ముడుపోయాయి.

అరవయ్యో బస్తాను, గుంటెడు పొలం కూడా లేని పోసవ్వ కొని ఆటోలో వేయించుకుని నస్రుల్లాబాద్ వెళ్ళిపోయింది.